డాక్టర్ స్టాక్‌మన్ దగ్గర ఒక లాగర్ ఉండుంటే

ఇబ్సెన్ 1882లో రాసిన ‘ఎన్ ఎనిమీ ఆఫ్ ద పీపుల్’ నాటకంలో గొడవంతా ఒక ఉత్తరంతో మొదలవుతుంది. నార్వే తీరంలో ఒక చిన్న ఊరు. అక్కడ కొత్తగా కట్టిన స్నానశాలలు. ఒంటికి మంచిదని బయటి ఊళ్ల నుంచి జనం వస్తారు, ఊరికి డబ్బొస్తుంది. ఆ స్నానశాలల వైద్యాధికారి డాక్టర్ స్టాక్‌మన్. కిందటేడు వచ్చినవాళ్లలో కొందరికి టైఫాయిడ్, కడుపు జబ్బులు వచ్చాయని గమనించి, నీటి నమూనాలు యూనివర్సిటీకి పంపిస్తాడు. మొదటి అంకంలో జవాబొస్తుంది. నీరు కలుషితం. కారణం ఎగువ లోయలో ఉన్న తోళ్ల ఫ్యాక్టరీలు. వాటిలో ఒకటి ఆయన భార్యని పెంచిన తండ్రిది. ఊరి మేయరేమో స్వయానా ఆయన అన్న పీటర్.

ఈ నాటకం మీద వచ్చిన చర్చ ఎక్కువగా నాలుగో అంకం చుట్టూనే తిరుగుతుంది. పౌరసభ, మెజారిటీ మీద డాక్టరు విరుచుకుపడటం, ఆయన్ని ప్రజాశత్రువని తీర్మానించడం. ఆయన ఒంటరిగా నిలబడ్డ నిజాయితీపరుడా, లేక జనాన్ని ఈసడించుకునే అహంకారా అన్నది పాత వాదన. 1950లో ఆర్థర్ మిల్లర్ దీన్ని అమెరికన్ వేదిక కోసం తిరగరాసినప్పుడు కూడా ఆ ప్రసంగంలో కటువుగా ఉన్న భాగాల్నే తగ్గించాడు. నాకు మాత్రం ఎప్పుడు చదివినా కళ్లు మొదటి అంకంలోని ఆ ఉత్తరం దగ్గరే ఆగిపోతాయి.

ఆ ఉత్తరంలో నిజానికి ఎంతుంది? ఒకే ఒక్క విడత ముంచి పంపిన సీసాల సంగతి. రెండో అంకంలో పీటర్ ఏం చేస్తాడో చూడండి. ఫలితం అబద్ధం అనడు. నువ్వు ఎక్కువ చేసి చెప్తున్నావంటాడు. మళ్లీ పరిశీలించాక అంత ప్రమాదం లేదని తేలిందని నువ్వే ప్రకటించు అంటాడు. విలన్ మాటలే కదా అని మనం దాటేస్తాం. కానీ సాక్ష్యాన్ని ఎక్కడ నొక్కితే వంగుతుందో తెలిసినవాడి మాటలవి. ఒక్కసారి తీసిన కొలతకి ‘ఇంకోసారి తీస్తే వేరేలా వస్తుందేమో’ అన్న జవాబు ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది. డాక్టరు దగ్గర ఆ ఇంకోసారి లేదు. మొదటిసారి మీద నమ్మకం ఉంది, అన్న మీద కోపం ఉంది. కోపం పెరిగేకొద్దీ నాటకం బిగుస్తుంది, కేసు మాత్రం అక్కడే ఉండిపోతుంది.

నేను సాఫ్ట్‌వేర్ ఇంజనీర్ని. విమర్శ రాయడం ఇష్టంతో చేసే పని, జీతమిచ్చే పని వేరే. అందులో ఎక్కువ భాగం సర్వర్లు తమంతట తాము రాసుకునే లాగ్‌లు చదవడం. ఈ పనిలో మొదటి ఏడాదే అర్థమయ్యే సంగతి ఒకటుంది. మనం చూస్తున్నప్పుడు ఏ సిస్టమైనా బుద్ధిగానే ఉంటుంది. అది కూలబడేది రాత్రి రెండున్నరకి. అందుకే ఎవరూ చూడని వేళ కూడా టైమ్ వేసి ఒక్కో లైనూ రాసుకుంటూ పోయేది ఒకటి కావాలి. నదుల్లో, వాగుల్లో ముంచి ఉంచే డేటా లాగర్ల గురించి చదివినప్పుడు, ఇబ్సెన్ నాటకంలో లేనిదేదో నాకు అప్పుడు తెలిసింది.

అవి ఎక్కువగా కొలిచేది నీటి విద్యుత్ వాహకత. మాట కొత్తగా ఉన్నా హైదరాబాద్ అపార్ట్‌మెంట్లలో ఉండేవాళ్లకి సంగతి పాతదే. ఆర్‌ఓ మెషిన్ అమ్మడానికి వచ్చే కుర్రాడు జేబులోంచి పెన్నులాంటి టీడీఎస్ మీటర్ తీసి, మన బోరు నీళ్లలో ముంచి, అంకె చూపించి భయపెడతాడు చూడండి, ఆ పెన్ను కొలిచేది వాహకతనే. దాన్ని 0.5కీ 0.7కీ మధ్య ఏదో ఒక గుణకంతో హెచ్చవేసి, కరిగిన లవణాలు లీటరుకి ఇన్ని మిల్లీగ్రాములని చూపిస్తుంది.

దీని వెనకున్న సూత్రం తేలికే. శుద్ధమైన నీరు కరెంటుని దాదాపు పోనివ్వదు. అందులో కరిగిన లవణాల అయాన్లే దాన్ని మోస్తాయి. రెండు ఎలక్ట్రోడ్ల మధ్య ఆల్టర్నేటింగ్ కరెంటు పంపి ఎంత తేలిగ్గా పోతోందో చూస్తే, నీటిలో ఎంత కరిగి ఉందో అంచనా దొరుకుతుంది. లెక్క సెంటీమీటరుకి మైక్రోసీమెన్స్‌లో. సముద్రపు నీరు 50,000 దగ్గర ఉంటుంది. వాననీరు చాలాచోట్ల పదుల్లోనే. నీరు ఒక డిగ్రీ వేడెక్కితే వాహకత సుమారు 2 శాతం పెరుగుతుంది కాబట్టి, పక్కనే ఉష్ణోగ్రత కూడా కొలిచి, అంకెని 25 డిగ్రీలకి సరిచేసి చెప్తారు.

ఈ సెన్సర్‌కి ఒక గడియారం, కొంత మెమరీ, ఒక బ్యాటరీ తగిలిస్తే లాగర్. పావుగంటకొక రీడింగ్ అనుకుందాం. రోజుకి 96. ముప్ఫై రోజులకి 2,880. నెలకోసారి అధికారి వచ్చి సీసా ముంచుకెళ్తే ఆ నెల మొత్తానికి మనకి తెలిసేది ఒకే ఒక్క క్షణం. రాత్రి రెండింటి నుంచి నాలుగింటి దాకా ఎవరైనా ఉప్పునీరు వదిలితే, ఆ సీసాకి అది దొరికే అవకాశం దాదాపు లేదు. లాగర్‌లో మాత్రం ఎనిమిది చుక్కలు వరసగా పైకి లేచి కనిపిస్తాయి.

గ్రాఫు చదవడం కూడా చదవడమే. వాన పడితే పలచబడ్డ నీటితో గీత కిందికి జారి, రోజుల మీద మెల్లగా పాత చోటికి చేరుకుంటుంది. వేసవిలో నీరు తగ్గేకొద్దీ కొంచెం కొంచెంగా పైకి పాకుతుంది. ఇవి ఆ వాగు నడక. వానా లేక, వరదా లేక, ఉన్నట్టుండి నిటారుగా లేచి రెండు గంటల్లో మళ్లీ పడిపోతే అది ఆ నడకలోది కాదు. పద్యం చెవికి అలవాటైనవాడు గణం తప్పిన చోట అర్థంతో పని లేకుండానే ఉలిక్కిపడతాడు కదా, అలాంటిదే. అయితే ముందు చెవికి ఆ నడక అలవాటవ్వాలి. కాలుష్యం జరగకముందు నుంచీ ఆ వాగుని విని ఉండాలి. దీన్నే బేస్‌లైన్ అంటారు. డాక్టర్ స్టాక్‌మన్‌కి లేనిది ఇదే.

నాటకంలోని తోళ్ల ఫ్యాక్టరీల దగ్గర లాగర్ పెట్టి చూద్దాం. పచ్చి తోళ్లు కుళ్లకుండా ఉప్పు పట్టించి నిలవ చేస్తారు, తర్వాత ఆ ఉప్పుని కడిగేస్తారు. అందుకే తోళ్ల పరిశ్రమ వదిలే నీటిలో లవణాలు విపరీతంగా ఉంటాయి. ఫ్యాక్టరీకి ఎగువన ఒక లాగర్, దిగువన ఒకటి. రెండు గీతలూ ఒకే కాగితం మీద. వాన వస్తే రెండూ కలిసి దిగుతాయి. తోళ్లు కడిగిన రోజు దిగువ గీత ఒక్కటే లేస్తుంది. ఆరు నెలల గ్రాఫు బల్లమీద పరిచాక ‘మళ్లీ పరిశీలిస్తే’ అనడానికి పీటర్‌కి చోటు తక్కువే. ఆ పరిశీలన జరుగుతూనే ఉంది.

ఇది ఊహ మాత్రమే కాదు. అమెరికాలో పెన్సిల్వేనియా, వెస్ట్ వర్జీనియా సరిహద్దులో డంకర్డ్ క్రీక్ అనే వాగుంది. 2009 సెప్టెంబర్‌లో అందులో మైళ్ల పొడవునా చేపలు, ఆల్చిప్పలు చచ్చి తేలాయి. చంపింది గోల్డెన్ ఆల్గే అనే సూక్ష్మ నాచు వదిలే విషం. మామూలుగా అది ఉప్పగా ఉండే నీళ్లలో బతికే జాతి. బొగ్గు గనుల నుంచి వచ్చి కలిసిన నీటితో ఆ మంచినీటి వాగులో లవణాలు పెరిగి, దానికి అనువైన ఇల్లు తయారైంది. ఇక్కడ హంతకుణ్ణి వెతికితే నాచు దొరుకుతుంది. కథని వెతికితే అంతకు ముందు నుంచీ ఎక్కువగా ఉన్న వాహకత దొరుకుతుంది. 2011లో అమెరికా పర్యావరణ సంస్థ ఈపీఏ, అపలాచియన్ కొండల వాగుల్లో జలజీవాలు తట్టుకోవడానికి 300 మైక్రోసీమెన్స్‌ని ప్రమాణంగా సూచించింది. మన బోరు నీళ్లతో పోలిస్తే అది చాలా తక్కువ అంకె. నీటికి ‘మంచి అంకె’ అంటూ ఒకటుండదు, ఆ చోటికి తగ్గ అంకె ఉంటుంది.

అదే పెన్సిల్వేనియాలో షేల్ గ్యాస్ బావులు వచ్చాక, డికిన్సన్ కాలేజీలోని అలార్మ్ అనే బృందం 2010 నుంచి మామూలు ఊరివాళ్లకి వాగుల్ని కొలవడం నేర్పింది. వాళ్ల పద్ధతి నాకు నచ్చింది. ముందు వాహకత చూస్తారు. అది అసాధారణంగా లేస్తే అప్పుడు బేరియం, స్ట్రాన్షియం కోసం ల్యాబ్‌కి పంపుతారు. వాహకత చెయ్యి ఎత్తుతుంది, పేరు చెప్పేది ల్యాబే. ఎందుకంటే చలికాలంలో రోడ్ల మీద మంచు కరగడానికి చల్లే ఉప్పు కూడా గీతని అలాగే లేపుతుంది. ఆ రాష్ట్రంలోనే ఉన్న స్ట్రౌడ్ పరిశోధన కేంద్రం ఎన్‌వైరోడీఐవై పేరుతో మేఫ్లై అనే లాగర్ బోర్డు తయారుచేసి, డిజైన్ అందరికీ తెరిచి పెట్టింది. ఆర్డుయినోతో ఆడుకున్న ఇంజనీరింగ్ కుర్రాడెవరైనా దాన్ని అర్థం చేసుకోగలడు. ఒడ్డున చిన్న సోలార్ పలక, నీటిలో సెన్సర్.

ఇక్కడే ఇబ్సెన్‌తో నా అసలు పేచీ. నాటకం ముగిసేసరికి డాక్టరు తన ఒంటరితనాన్నే బలంగా ప్రకటించుకుంటాడు. వేదిక మీద అది గొప్పగా ఉంటుంది. కానీ నీటి విషయంలో అది అబద్ధపు తీర్మానం. ఒంటరివాడు ఒకసారి నమూనా తీయగలడు. ఏళ్ల తరబడి వాగుని వినడం ఒక్కడి వల్ల కాదు. రెండు మూడు వారాలకొకరు వెళ్లి సెన్సర్ మీద పేరుకున్న పాచిని తుడవాలి, లేకపోతే అంకెలు మెల్లగా కిందికి జారిపోతాయి. 1,413 మైక్రోసీమెన్స్ ఉండే ప్రామాణిక ద్రావణంలో ముంచి సరిచూడాలి. బ్యాటరీ మార్చాలి. నీటిమట్టం తగ్గి సెన్సర్ గాలిలో తేలితే వచ్చే సున్నాలని గుర్తుపట్టి పక్కన పెట్టాలి. ఈ పనులకి వీరుడు అక్కర్లేదు, వంతులు వేసుకునే నలుగురు కావాలి. ఇబ్సెన్ కాలంలో నిజం అంటే ఒకడికి దొరికేది, మిగతావాళ్లు వినకపోయేది. లాగర్ పెట్టిన ఊళ్లో నిజం నలుగురూ కలిసి పోగుచేసేది. దాన్ని కాదనడం కొంచెం కష్టం, ఎందుకంటే కాదనేవాడి పక్కింటివాడే పోయిన ఆదివారం వెళ్లి పాచి తుడిచొచ్చాడు.

సత్యజిత్ రాయ్ 1989లో ఇదే నాటకాన్ని ‘గణశత్రు’గా తీసినప్పుడు స్నానశాలల్ని గుడిగా మార్చాడు. చండీపూర్ అనే ఊరు, చరణామృతం తాగిన భక్తులకి కామెర్లు, డాక్టర్ అశోక్ గుప్తాగా సౌమిత్ర చటర్జీ. ఇక్కడా కలకత్తా నుంచి ల్యాబ్ రిపోర్టు వస్తుంది. దానికి జవాబు మాత్రం పీటర్ జవాబులా ఉండదు. గంగాజలం, తులసి కలిసిన తీర్థం చెడిపోదు అంటారు. ఇది కొలతని ప్రశ్నించడం కాదు, కొలవడాన్నే తోసిపుచ్చడం. ఇలాంటి జవాబు ముందు 2,880 రీడింగులూ ఒకటే, ఒక్క రీడింగూ ఒకటే. సినిమా చాలా భాగం గదుల్లోనే నడుస్తుందనీ, మాటలెక్కువనీ అప్పట్లోనే విమర్శ వచ్చింది. అది కొంత నిజమే. కానీ చివర్లో రాయ్ ఇబ్సెన్‌ని కాదని ఒక పని చేశాడు. డాక్టరుకి మద్దతుగా బయట కుర్రాళ్ల గొంతులు వినిపిస్తాయి, ఆయన ఒంటరిగా మిగలడు. ఆ ముగింపు అతికించినట్టుందని అన్నవాళ్లున్నారు. ముగింపుగా అతికించినట్టున్నా, నీటి సంగతి తెలిసినవాడికి ఇబ్సెన్ ముగింపు కంటే అదే వాస్తవం.

ఇంత చెప్పాక లాగర్‌కి ఏం కనిపించదో కూడా చెప్పాలి. మొదటిది, డాక్టరు భయపడ్డ సూక్ష్మజీవులే. అయాన్లని లెక్కపెట్టే సెన్సర్ బ్యాక్టీరియాని చూడదు. టీడీఎస్ తక్కువ చూపించినంత మాత్రాన తీర్థం మంచిదైపోదు. రెండోది, ఫ్లోరైడ్. తాగే నీటిలో లీటరుకి 1.5 మిల్లీగ్రాములు దాటకూడదని మన ప్రమాణం. నల్లగొండ పల్లెల్లో ఎముకలు వంకర్లు పోయేలా చేసిన ఆ కాస్త తేడా, వందల మిల్లీగ్రాముల లవణాల మధ్య వాహకతకి అందదు.

మూడోది పటాన్‌చెరు. 2007లో స్వీడన్ పరిశోధకులు అక్కడి ఉమ్మడి శుద్ధి కేంద్రం నుంచి బయటికొచ్చే నీటిని పరీక్షించి ప్రచురించిన పత్రం ప్రపంచమంతా తిరిగింది. సుమారు 90 మందుల కంపెనీల వ్యర్థజలం చేరే కేంద్రం అది. శుద్ధి అయ్యాక కూడా లీటరు నీటిలో సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ 31 మిల్లీగ్రాముల దాకా ఉంది. జబ్బుచేసిన మనిషి రక్తంలో డాక్టర్లు కోరుకునే మోతాదు కంటే అది ఎక్కువ. పారిశ్రామిక వ్యర్థజలంలో లవణాలు మామూలుగా వేల మిల్లీగ్రాముల్లో ఉంటాయి కాబట్టి, వాహకత గ్రాఫు మీద ఈ 31 ఒక చిన్న వణుకు కూడా కాదు. దాన్ని బయటపెట్టింది ఒక సీసా, ఒక ల్యాబ్, ఒక నివేదిక. అంటే ఇబ్సెన్ ఉత్తరమే. లాగర్ వచ్చింది కాబట్టి ఉత్తరంతో పనిలేదని అనడం లేదు. ఎప్పుడు అడగాలో గ్రాఫు చెప్తుంది, ఏమిటో ఉత్తరం చెప్తుంది. అడగాల్సిందేమిటో తెలిసిన మనిషి ఈ రెండింటికీ ముందే ఉండాలి.

నాలుగో చిక్కు కనిపించడం గురించి కాదు, ఎవరు చెప్తున్నారన్నదాని గురించి. కథల్లో కథకుణ్ణి ఎంతవరకు నమ్మాలని అడగడం మనకి అలవాటే. అదే ప్రశ్న సెన్సర్లనీ అడగాలి. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2014లో, ఎక్కువగా కలుషితం చేసే 17 రకాల పరిశ్రమల్ని నిరంతర ఆన్‌లైన్ పరికరాలు పెట్టుకోమని ఆదేశించింది. మంచి అడుగే. అయితే ఆ పరికరాన్ని కొనేదీ, తన ప్రాంగణంలో పెట్టేదీ, బాగోగులు చూసేదీ ఆ పరిశ్రమే. ఉత్తమ పురుషలో నడిచే కథనమన్నమాట. అందులో నిజం ఉండొచ్చు, ఎక్కువసార్లు ఉండొచ్చు కూడా. కానీ ‘నేను’ అని మొదలయ్యే కథని ఎలా చదవాలో పాఠకుడికి తెలుసు. దిగువన, గేటు బయట, ఊరివాళ్ల చేతిలో ఇంకో లాగర్ ఉంటేనే ఆ కథకి ఎదురు కథనం దొరుకుతుంది. రెండూ కలిస్తే సంతోషం. కలవకపోతే, కలవని చోట అసలు కథ మొదలవుతుంది.

ఈ పరికరాన్ని పట్టుకుని తెలుగు కవిత్వం వైపు తిరిగితే నాకొక ఇబ్బంది కనిపిస్తుంది. నదుల కాలుష్యం మీద నేను చదివిన కవితల్లో చాలావాటిలో రెండే స్థితులుంటాయి. అప్పుడు తేట, ఇప్పుడు నలుపు. చిన్నప్పటి నది, ఇప్పటి మురుగు. ఇది రెండు సీసాల కవిత్వం. మధ్యలో ముప్ఫై ఏళ్లు ఏమయ్యాయో, ఏ ఏడాది ఏ పైపు వచ్చిందో, ఏ రాత్రి ఎవరికి నిద్రపట్టలేదో ఉండదు. పైగా కంటికి కనిపించే మురికికే అందులో చోటు. మూసీ నురగ కవితలోకి తేలిగ్గా వస్తుంది. లవణమైనా, ఫ్లోరైడైనా, మందుల అవశేషమైనా తేట నీటిలోనే ఉంటాయి, గ్లాసులో మెరుస్తూ. అందంగా ఉన్న విషాన్ని రాయడానికి మనకింకా ఒక పద్ధతి ఏర్పడలేదు. ‘నల్లగా మారింది’ అన్న క్రియ దగ్గరే ఆగిపోయాం.

కవులు గ్రాఫులు గీయాలని కాదు. లాగర్ దగ్గర నేర్చుకోదగ్గది దాని ఓపిక. జరగనప్పుడు కూడా రాసుకోవడం. ఏమీ కాని మంగళవారాన్ని కూడా నమోదు చేయడం. ఆ మంగళవారాలన్నీ ఉంటేనే ఏదో అయిన బుధవారం రుజువవుతుంది. డైరీలకీ, పెద్ద నవలలకీ ఈ గుణం సహజంగానే ఉంది. మన పర్యావరణ రచన మాత్రం విపత్తు జరిగిన మర్నాడు కలం పట్టుకుంటుంది, స్టాక్‌మన్‌లాగే నేరుగా నాలుగో అంకంలోకి దూకుతుంది.

నాకు చదవాలని ఉన్న తెలుగు నవల ఒకటుంది. అందులో సభలుండవు, ప్రసంగాలుండవు. పటాన్‌చెరు దిగువన ఏదో ఊళ్లో, ఒకావిడ రెండు వారాలకోసారి వాగు దగ్గరికి దిగి, సెన్సర్ మీది పాచి పాత టూత్‌బ్రష్‌తో తోమి, టైమ్ రాసుకుని వెళ్తుంది. చాలా పేజీల దాకా గీత మామూలుగానే ఉంటుంది. ఊళ్లో పెళ్లిళ్లవుతాయి, బోరు ఎండుతుంది, ఆవిడ కొడుక్కి ఆ ఫ్యాక్టరీలోనే ఉద్యోగమొస్తుంది. ఒక రాత్రి గీత లేస్తుంది. అప్పటికి ఆ లేవడం అంటే ఏమిటో ఆవిడతో పాటు పాఠకుడికీ తెలిసి ఉంటుంది. ఆవిడ మర్నాడు పొద్దున సీసా తీసుకుని బయల్దేరాలా వద్దా అన్నదే ఆ నవల. ఇబ్సెన్ తన డాక్టర్ని ఎన్నడూ అంతసేపు ఆలోచించనివ్వలేదు.